బస్సు, రైలు ఛార్జీలు ఎవరు తేల్చాలి? కరెంటుకు ఉన్నట్టు వీటికీ బహిరంగ విచారణ ఉండాలా?

నీలగిరి మాస్టారు (శనివారం, రాత్రి 9:10)

మొన్న దసరాకు ఎల్బీనగర్ నుంచి నల్లగొండకు స్పెషల్ బస్సులో వచ్చాను. మామూలు టికెట్టు మీద సగం అదనం. దీనికి ఆధారం 2003లో వచ్చిన జీవో 16. పండగ స్పెషల్ ఒకవైపు నిండుగా పోయి ఇంకోవైపు ఖాళీగా తిరిగి వస్తుంది కాబట్టి, ఆ ఖర్చు రాబట్టుకోవడానికి ఒకటిన్నర రెట్ల దాకా తీసుకోవచ్చని అందులో ఉంది. జీవో ప్రకారమే తీసుకున్నారు, నేనూ ఇచ్చాను. ఆ గొడవ పెట్టడానికి ఈ చర్చ మొదలుపెట్టలేదు.

ఆ జీవో వచ్చి 22 ఏళ్లు దాటింది. ఒకటిన్నర రెట్లే ఎందుకు, ఒకటింపావు ఎందుకు సరిపోదు అని ఇన్నేళ్లలో ప్రయాణికుడిని పిలిచి అడిగిన రోజు ఉందా? కరెంటు రేటు పెంచాలంటే కరెంటు పంపిణీ చేసే డిస్కంలు విద్యుత్ నియంత్రణ కమిషన్ (ఈఆర్సీ) ముందు లెక్కలు పెట్టాలి. అభ్యంతరాలు తీసుకుంటారు, బహిరంగ విచారణ జరుగుతుంది. బోరు మీద బతికే రైతు కూడా మైకు పట్టుకుని అడగొచ్చు. బస్సు ఛార్జీకి అదేం లేదు. ఆర్టీసీ ప్రతిపాదన పంపుతుంది, ప్రభుత్వం సరే అంటుంది, అర్ధరాత్రి నుంచి అమలు. 2019 డిసెంబరులో సమ్మె అయిపోగానే కిలోమీటరుకు 20 పైసలు పెరిగింది. 2022లో చిల్లర సమస్య అని రౌండ్ చేశారు, ఆ వెంటనే డీజిల్ సెస్సు వచ్చింది. 2025 జూన్‌లో హైదరాబాద్ ఆర్డినరీ పాసు 1150 నుంచి 1400 అయింది. ప్రతిసారీ మనం పేపర్లో చదివి తెలుసుకున్నవాళ్లమే.

బస్సు ఛార్జీకి, రైలు ఛార్జీకి ఈఆర్సీ లాంటి ఒక స్వతంత్ర సంస్థ ఉండాలని నా వాదన. మీరేమంటారు?

షాద్‌నగర్ శీను (రాత్రి 9:21)

ఉండాలి. ఇందులో చర్చ ఏముంది మాస్టారూ.

పాత కండక్టర్ (రాత్రి 9:48)

మాస్టారూ, నమస్తే. 31 ఏళ్లు సంచి మోసి దిగినవాణ్ణి, నాకు తెలిసింది రాస్తా.

ముందు ఒక మాట సరిచేయాలి. జీవో 16 పండగకు నడిపే స్పెషల్ బస్సులకే. చార్టులో ఉండే రెగ్యులర్ సర్వీసులకు ఆ రేటు లేదు. మీరు రాసిన తీరు చూస్తే దసరాకు అన్ని బస్సుల్లో ఒకటిన్నర రెట్లు వసూలు చేసినట్టు ఉంది. అది తప్పు.

రెండోది రౌండ్ చేసిన సంగతి. పల్లె వెలుగులో 13, 14 రూపాయలుంటే 15 చేశారు, 12 ఉంటే 10 చేశారు. తగ్గింది మీరు రాయలేదు. ఆ చిల్లర బాధ మీకు తెలియదు. 60 మంది ఎక్కితే 40 మంది పది, ఇరవై నోట్లే ఇస్తారు. టికెట్టు వెనక 'రూ. 3 ఇవ్వాలి' అని రాసి సంతకం పెట్టి, దిగే ముందు అందరికీ లెక్క తీర్చాలి. ఒకసారి చింతపల్లి దగ్గర రెండు రూపాయల కోసం ఒకతను నా కాలర్ పట్టుకున్నాడు. చొక్కా గుండీలు తెగినయి. బస్సు నిండా జనం, ఒక్కరు కూడా వద్దనలేదు. రౌండ్ చేసినప్పుడు నేను సంతోషపడ్డా, దాచను.

ఇక కమిషన్ సంగతి. ఎవరు కూర్చుంటారు అందులో? రిటైర్డ్ ఆఫీసర్లు. వాళ్లకు కావలసింది ఈపీకే, ఓఆర్. అంటే కిలోమీటరుకు ఎంత వచ్చింది, నూటికి ఎన్ని సీట్లు నిండాయి. ఆ రెండు అంకెలతోనే బస్సును చూస్తే ఏమవుతుందో ఆలోచించండి.

నీలగిరి మాస్టారు (రాత్రి 10:05)

కండక్టర్ గారూ, 'స్పెషల్ బస్సులో' అని మొదటి వాక్యంలోనే రాశాను. ఇంకోసారి చదవండి.

సరే, మీ మాట ప్రకారమే పోదాం. స్పెషల్‌కే ఆ రేటు. మరి ఏ బస్సు స్పెషలో, ఏది రెగ్యులరో తేల్చేది ఎవరు? నడిపేవాళ్లే. తిరుగు ప్రయాణం నిజంగా ఖాళీగా వచ్చిందా అని చూసేది ఎవరు? అదీ నడిపేవాళ్లే. రేటు అడిగేవాళ్లు, ఆ రేటుకు కారణం చెప్పేవాళ్లు, ఆ కారణం నిజమో కాదో చూసేవాళ్లు ఒకరే. నా అభ్యంతరం అక్కడ.

పాత కండక్టర్ (రాత్రి 10:17)

ఖాళీగా రాకుండా ఎట్లా ఉంటుంది? సద్దుల బతుకమ్మ రోజు పొద్దున నల్లగొండ నుంచి పట్నం ఎవరు పోతారు చెప్పండి. అందరూ వచ్చేవాళ్లే.

మిర్యాలగూడ రైస్ (రాత్రి 10:20)

అసలు మాట ఎవరూ మాట్లాడరు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ ఫ్రీ. సీటు వాళ్లకు, టికెట్టు మనకు. పైసలిచ్చి నిలబడి పోతున్నాం. ముందు దాని గురించి తేల్చండి.

పాలమూరు సీజన్ (రాత్రి 10:41)

పైన హెడ్డింగులో బస్సు రైలు అని పెట్టి, మొత్తం బస్సే నడిపిస్తున్నారు. మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడకు సీజన్ టికెట్టు మీద ఆరేళ్లు తిరిగిన. ప్యాసింజర్ టికెట్టు బస్సు టికెట్టులో సగం కూడా ఉండదు, సీజన్ ఇంకా చౌక. మాలాంటి జీతగాళ్లకు అదే దిక్కు.

ఇప్పుడు రైలు ఛార్జీ ఎవరు నిర్ణయిస్తారో వినండి. 1989 రైల్వే చట్టం సెక్షన్ 30 ప్రకారం కేంద్ర ప్రభుత్వం. అంతే. చెన్నైలో రైల్వే రేట్స్ ట్రిబ్యునల్ అని ఒకటి ఉంది. సరుకు రవాణా రేటు అన్యాయంగా ఉందని వ్యాపారి అక్కడికి పోవచ్చు. కానీ సెక్షన్ 37 తీసి చూడండి, ప్రయాణికుల ఛార్జీలు ఆ ట్రిబ్యునల్ పరిధిలోకి రావని స్పష్టంగా రాసి ఉంది. మన విష్ణుపురం, వాడపల్లి వైపు నుంచి వ్యాగన్‌లో పోయే సిమెంటు బస్తా తరఫున అడిగే చోటు ఉంది. అదే పట్టాల మీద పోయే మనిషి తరఫున అడిగే చోటు లేదు.

కరోనా తర్వాత ఏమైందో గుర్తుందా? ప్యాసింజర్ బండ్లను మళ్లీ నడిపినప్పుడు స్పెషల్ అని పేరు పెట్టి ఎక్స్‌ప్రెస్ రేటు పెట్టారు. 10 రూపాయల కనీస టికెట్టు 30 అయింది. జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ వచ్చే కూరగాయల ఆమె కూడా 30 ఇచ్చింది. మళ్లీ 10 చేసింది 2024 ఫిబ్రవరిలో. పెట్టినప్పుడూ ఎవరినీ అడగలేదు, తీసినప్పుడూ ఎవరికీ చెప్పలేదు. 60 దాటిన మగవాళ్లకు 40 శాతం, 58 దాటిన ఆడవాళ్లకు 50 శాతం రాయితీ ఉండేది. 2020 మార్చిలో ఆపింది ఇంకా ఇయ్యలేదు. మా నాయన తిరుపతి పోవాలంటే నిండు టికెట్టే.

కొల్లాపూర్ మామిడి (రాత్రి 10:44)

మీకు ఛార్జీ మీద అయినా చర్చ ఉంది. మాకు రైలే లేదు.

నీలగిరి మాస్టారు (రాత్రి 10:58)

పాలమూరు తమ్ముడు రాసింది నా వాదనకే బలం. 2017కు ముందు విడిగా రైల్వే బడ్జెట్ ఉండేది. ఛార్జీ పెరిగితే సభలో మంత్రి నిలబడి చెప్పాలి, ప్రతిపక్షం అరవాలి, టీవీలో రోజంతా చూసేవాళ్లం. 1924 నుంచి వచ్చిన ఆ పద్ధతి పోయి సాధారణ బడ్జెట్‌లో కలిసింది. 2020 జనవరి 1న పెంచినా, 2025 జులై 1న మెయిల్, ఎక్స్‌ప్రెస్ నాన్ ఏసీకి కిలోమీటరుకు పైసా, ఏసీకి రెండు పైసలు పెంచినా ఒక సర్క్యులర్‌తో అయిపోయింది. ఛార్జీలపై సలహా ఇవ్వడానికి రైల్ డెవలప్‌మెంట్ అథారిటీ పెడతామని 2017లో కేబినెట్ ఆమోదించింది. ఆమోదం దగ్గరే ఆగింది.

భద్రత విషయంలో అట్లా కాదు. కొత్త లైను మీద రైలు నడపాలంటే రైల్వే భద్రతా కమిషనర్ వచ్చి చూసి ఒప్పుకోవాలి. ఆయన రైల్వే శాఖ కింద ఉండడు, పౌర విమానయాన శాఖ కింద ఉంటాడు. నడిపేవాడు తన పనిని తానే తనిఖీ చేసుకోకూడదని అప్పుడెప్పుడో పెద్దలకు తట్టింది. ఛార్జీ దగ్గర ఎందుకు తట్టలేదు?

పాత కండక్టర్ (రాత్రి 11:14)

పట్టాలు విరిగితే ప్రాణం పోతుంది, అందుకు పెట్టారు. ఛార్జీ వేరే సంగతి.

మీరు కమిటీ, కమిటీ అంటున్నారు కదా, హైదరాబాద్ మెట్రోకు కమిటీ వేశారు. 2002 మెట్రో చట్టంలో ఫేర్ ఫిక్సేషన్ కమిటీ ఉంది, రిటైర్డ్ జడ్జి అధ్యక్షత. జనం దగ్గర సూచనలు కూడా తీసుకున్నారు. ఆ కమిటీ చెప్పింది మెట్రో సంస్థ పాటించాల్సిందే అని చట్టంలో ఉంది. చివరికి 2025 మేలో కనీసం 10 ఉన్నది 12, ఎక్కువలో ఎక్కువ 60 ఉన్నది 75 అయింది. లొల్లి అయ్యాక కొంత తగ్గించి 11, 69 చేశారు. తగ్గించింది కమిటీ కాదు, జనం లొల్లి. మీ కమిటీ వల్ల ఒరిగింది ఏంటి?

నీలగిరి మాస్టారు (రాత్రి 11:20)

ఒరిగింది ఏంటంటే, కమిటీకి సూచన పంపే హక్కు మెట్రో ఎక్కేవాడికి దొరికింది. నల్లగొండ బస్సు ఎక్కేవాడికి అదీ లేదు.

షాద్‌నగర్ శీను (రాత్రి 11:22)

కమిటీ వచ్చినా పెరుగుడే, రాకున్నా పెరుగుడే అని అర్థమైంది.

మిర్యాలగూడ రైస్ (ఆదివారం, పొద్దున 6:50)

నేను అడిగిందానికి ఒక్కరూ జవాబు ఇయ్యలేదు. ఫ్రీ బస్సు పైసలు ఎవరు కడుతున్నారు? నేను నెలకు 14 వేలకు మిల్లులో లెక్కలు రాస్తా. రోజూ టికెట్టు కొంటా. నా టికెట్టులోనే ఆ భారం ఉంది.

పాత కండక్టర్ (పొద్దున 7:15)

లేదు తమ్మీ. జీరో టికెట్టు కొట్టేది అందుకే. ఆడమనిషి ఎక్కితే ఎక్కడి నుంచి ఎక్కడికో మిషన్లో కొట్టాలి, ఆ లెక్క ప్రకారం ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాలి. నీ టికెట్టుకు, దానికి సంబంధం లేదు. ప్రభుత్వం టైముకు కడుతుందా అన్నది వేరే ప్రశ్న, అది అడుగు.

మిర్యాలగూడ రైస్ (పొద్దున 7:21)

మీకేం సార్. పెన్షన్ వస్తది, ఇంట్ల కూర్చుని ఎన్నైనా చెప్తరు.

పాత కండక్టర్ (పొద్దున 7:40)

పెన్షనా? నాకు ప్రభుత్వ ఉద్యోగి పెన్షన్ అనుకుంటున్నావా? వచ్చేది పీఎఫ్ వాళ్లు ఇచ్చే ఈపీఎస్ పెన్షన్. నెలకు నాలుగు వేలు దాటదు. బీపీ గోలీలకు, షుగర్ గోలీలకు అందులో సగం పోతుంది. 2019లో 52 రోజులు సమ్మెలో రోడ్డు మీద కూర్చున్నాం. ఆ రెండు నెలలు మా ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగిందో నీకు తెలుసా? తెలిసి మాట్లాడు. వయసుకు మర్యాద లేకపోతే పోనీ, నిజానికైనా మర్యాద ఇయ్యి.

నీలగిరి మాస్టారు (పొద్దున 7:52)

కండక్టర్ గారి బాధ నిజమే. కానీ ఒకటి అడగాలి. సంస్థను ఏమన్నా మీకు మిమ్మల్ని అన్నట్టే అనిపిస్తుంది. నేను ఛార్జీ గురించి మాట్లాడినప్పుడల్లా మీరు ఆర్టీసీ కార్మికుడిని అన్నానని తీసుకుంటున్నారు. ఇట్లా అయితే లెక్క అడిగే వీలే ఉండదు.

పాత కండక్టర్ (పొద్దున 8:30)

అయితే అసలు మాట చెప్తా, వినండి.

నేను పదకొండేళ్లు నైట్ హాల్ట్ సర్వీసు చేసిన, చందంపేట వైపు. రాత్రి ఎనిమిదిన్నరకు ఊళ్లోకి పోవాలి. బడి అరుగు మీద దుప్పటి పరుచుకుని నేనూ డ్రైవరూ పడుకోవాలి. తెల్లారగట్ల నాలుగున్నరకు ఊరి పెద్దమనిషి ఒకాయన కడియం తోటి బస్సు రేకు మీద కొట్టి లేపేవాడు. అయిదుంబావుకు బయలుదేరితే పాల క్యాన్లు రెండు, కూరగాయల గంపలు, దేవరకొండ ఆసుపత్రికి పోయే ముసలోళ్లు, కాలేజీ పిల్లలు ఏడెనిమిది మంది. మొత్తం 20 మంది కూడా ఉండరు. పిల్లలవి పాసులు. ఆ ట్రిప్పుకు డీజిల్ ఖర్చు కూడా రాదు. మా డిపోలో ప్రతి నెలా ఆ సర్వీసు పేరు ఎర్ర సిరాతో రాసి ఉండేది.

అయినా ఎందుకు నడిచింది? ఆ ఊరోళ్లు ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చుంటారు కాబట్టి. లెక్క ప్రకారం కాదు, ఓటు ప్రకారం నడిచింది. మీరు చెప్పే కమిషన్‌కు ఓటు భయం ఉండదు. అది మంచిది అంటారు మీరు. నాకు అదే భయం. లెక్క చూసేవాడు వస్తే మొట్టమొదట కోసేది నల్లగొండ నాన్‌స్టాప్‌ను కాదు, చందంపేట నైట్ హాల్ట్‌ను.

మీరు ఎక్కేది ఎల్బీనగర్ రూటు. బస్సు పోతే బస్సు. మీకు టికెట్టు ధర ఒక్కటే సమస్య. దాని చుట్టూనే కమిషన్ కడుతున్నారు.

పాలమూరు సీజన్ (పొద్దున 8:44)

రైల్లో జరిగింది అదే. కిలోమీటరుకు పైసా పెరిగితే పేపర్లో వస్తది. మా బండి టైము మారితే ఎవరికీ పట్టదు. నా ఉద్యోగం పోయింది టికెట్టు ధర వల్ల కాదు. ఒక ప్రైవేటు కంపెనీలో చేసేవాణ్ణి. తొమ్మిదిన్నర దాటి పది నిమిషాలైతే సగం రోజు జీతం కోసేవాళ్లు. అప్పట్లో మా దిక్కు సింగిల్ లైను, ఎదురు బండికి దారి ఇయ్యడానికి ఏ స్టేషన్లోనైనా ఆగాలి. నెలలో ఎనిమిది సగాలు పోయినయి. చివరికి రావద్దన్నరు. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్ల డబ్లింగ్, అంటే రెండో లైను, 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితం చేసిండ్రు. నాకు అప్పటికే ఆ ఉద్యోగం లేదు.

నల్లగొండోళ్లకు ఇంకా అదే కథ. గుంటూరు–బీబీనగర్ 239 కిలోమీటర్ల రెండో లైనుకు 2023 ఆగస్టులో కేబినెట్ ఒప్పుకుంది. అది అయ్యేదాకా ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇస్తూ ప్యాసింజర్ ఆగాల్సిందే. నల్లగొండ స్టేషన్ ఏళ్ల తరబడి గుంటూరు డివిజన్ కింద. టైము మార్చమని అడగాలంటే గుంటూరు దిక్కు చూడాల్సి వచ్చేది. వందే భారత్‌కు నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో స్టాపు ఇచ్చిండ్రు, మంచిదే. రోజూ పోయే కూలి మనిషి అందులో ఎక్కడు. కమిషన్ పెడితే టైముల మీద, స్టాపుల మీద కూడా దానికి అధికారం ఉండాలి. ఉత్త ఛార్జీ మీదైతే నాకు అక్కరలేదు.

నీలగిరి మాస్టారు (పొద్దున 9:20)

కండక్టర్ గారూ, మీరు ఇప్పుడు రాసింది నిన్న రాత్రే రాసి ఉంటే జీవో 16 మీద అంత సేపు కొట్లాడుకునేవాళ్లం కాదు. నేను ట్రంకు రూటు మనిషినే, కాదనను. పల్లె ట్రిప్పు నాకు తట్టలేదు.

కానీ కరెంటు వైపు ఒకసారి చూడండి. ఈఆర్సీ ఉంది కదా, రైతుకు ఉచిత కరెంటు ఆగిందా? ఆగలేదు. 2018 జనవరి 1 నుంచి 24 గంటలు ఉచితమే ఇచ్చారు. ఎట్లా అంటే, 2003 విద్యుత్ చట్టంలో సెక్షన్ 65 ఉంది. ఏ వర్గానికైనా తక్కువ రేటు ఇవ్వాలని ప్రభుత్వం అనుకుంటే ఇవ్వొచ్చు, కానీ ఆ తేడా డబ్బు ముందుగా కట్టాలి. ఇవ్వొద్దని కమిషన్ చెప్పదు, కాగితం మీద ఒప్పుకోమంటుంది. చందంపేట నైట్ హాల్ట్‌కు కూడా అట్లాగే రాస్తే? ఈ సర్వీసుకు ఇంత నష్టం, ప్రభుత్వం కడుతుంది, నడవాల్సిందే అని. ఇప్పుడు ఎమ్మెల్యే మారితే బస్సు ఉంటుందో పోతుందో తెలియదు. ఎర్ర సిరా కింద నడిచే బస్సు ఎప్పటికైనా ఆగేదే.

పాత కండక్టర్ (పొద్దున 9:41)

ముందుగా కట్టాలని చట్టంలో ఉంది. డిస్కంలకు ప్రభుత్వ బకాయిలు ఎందుకు ఉంటున్నాయి మరి? ప్రభుత్వం కట్టకపోతే కమిషన్ ఏం చేస్తుంది? కరెంటు తీగ ఒకసారి లాగితే ఊళ్లోనే ఉంటుంది. బస్సు అట్లా కాదు, రేపు పొద్దున ఇంకో రూటుకు మళ్లుతుంది. డబ్బు రాలేదని డిపో మేనేజర్ ఆ బస్సును వారం రోజులు మళ్లిస్తే ఎవరు అడగాలి?

నీలగిరి మాస్టారు (పొద్దున 9:50)

ఆ వారం రోజులకు కూడా ఫిర్యాదు చేసే చోటు ఒకటి ఉంటుంది కదా అంటున్నాను. ఇప్పుడు ఎమ్మెల్యే గడప తప్ప ఏముంది?

పాత కండక్టర్ (పొద్దున 9:53)

గడప అయినా తొక్కితే తెరుచుకుంటుంది. హైదరాబాద్‌లో కమిషన్ ఆఫీసుకు ఆ ముసలోళ్లు పోతారా?

తండా బిడ్డ (పొద్దున 10:30)

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ చదువుడే కానీ రాయను. కండక్టర్ సార్ చందంపేట అన్నరు కాబట్టి రాస్తున్న. మాది ఆ దిక్కే ఒక తండా. దేవరకొండలో డిగ్రీ రెండో సంవత్సరం.

ఫ్రీ బస్సు మీద కోపం ఉన్న అన్నకు ఒక మాట. నాకు ఫ్రీ బస్సు ఉంది. కానీ ఆ బస్సు మా తండాకు రాదు, ఎప్పుడూ రాలే. మెయిన్ రోడ్డుకు నాలుగు కిలోమీటర్లు. షేర్ ఆటోలో పోతే 30, వస్తే 30. ఫ్రీ బస్సు ఎక్కడానికి రోజుకు 60 రూపాయలు. వర్షం వస్తే 40 అంటడు, పండగకు 50 అంటడు, సాయంత్రం ఆరు దాటితే అసలు రాను అంటడు. ఆటోలో ముగ్గురు కూర్చునే సీట్ల అయిదుగురం, డ్రైవరు పక్కకు ఇద్దరు మగపిల్లలు. పోయిన నెల ఆటో రాక ఇంటర్నల్ పరీక్ష తప్పింది.

మాస్టారు సార్ జీవో 16 అన్నరు. ఒకటిన్నర రెట్లకన్నా ఎక్కువ తీసుకోవద్దని రాసుంది కదా అందులో. మా ఆటోకు ఏ జీవో లేదు. కండక్టర్ సార్ కమిషన్ వస్తే ట్రిప్పు కోస్తరు అన్నరు. మాకు కోయడానికి ట్రిప్పే లేదు. ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చున్న ఊరికి బస్సు వచ్చింది అన్నరు. మా తండాలో 90 ఇండ్లు. సగం మంది ముంబైకి, పుణెకు పనికి పోయిండ్రు. కూర్చునేటోళ్లు ఎవరు సార్?

కొల్లాపూర్ మామిడి (పొద్దున 10:36)

చెల్లె చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నల్లమల దిక్కంత ఇదే కత.

మిర్యాలగూడ రైస్ (పొద్దున 10:52)

చెల్లే, ఆటో సంగతి నాకు తెల్వదు. నేను చూసేది కోదాడ రూటు బస్సు. పెద్దమనిషిని పెన్షన్ మాట అన్నది కూడా తప్పే, కండక్టర్ సార్ ఏమనుకోవద్దు. ఫ్రీ మీద నా అభిప్రాయం మాత్రం మారలే. పైసలు ఉన్న ఆడోళ్లు కూడా ఎక్స్‌ప్రెస్‌లో ఫ్రీగా పోతుంటే, ఆ పైసలతో ఈ తండాకు బస్సు వేయొచ్చు కదా అంటా.

పాలమూరు సీజన్ (పొద్దున 10:58)

డోర్నకల్ నుంచి సూర్యాపేట, నల్లగొండ మీదుగా గద్వాల దాకా లైను సర్వే అంటున్నరు. మాచర్ల–గద్వాల అయితే మా తాతల కాలం నుంచి అంటున్నరు, దేవరకొండ మీదుగా. సర్వేలతోటే గడిచిపోతుంది.

నీలగిరి మాస్టారు (పొద్దున 11:15)

అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 67లో స్టేజీ క్యారేజీలకు, కాంట్రాక్టు క్యారేజీలకు రేటు నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆటో కాంట్రాక్టు క్యారేజీ కిందికే వస్తుంది. అంటే అధికారం ఉంది, మీ తండా దారిలో దాన్ని చూసేవాడు లేడు. కమిషన్ ఉండాలనే నేను ఇప్పటికీ అంటాను. కాకపోతే బస్సు టికెట్టు దగ్గర ఆగే కమిషన్ చాలదు. ఏ ఊరికి కనీసం ఎన్ని ట్రిప్పులు ఉండాలి అన్నది ముందు తేల్చి, ఆ తర్వాతే రేటుకు రావాలి.

పాత కండక్టర్ (పొద్దున 11:32)

ఆ వరుస అయితే వింటాను. ముందు ట్రిప్పు, తర్వాత రేటు. కానీ నా భయం పోలేదు, రాసి పెట్టుకోండి.

బిడ్డా, కమిషన్ ఎప్పుడు వస్తుందో నాకు తెలియదు. బస్సు అడిగే పద్ధతి మాత్రం తెలుసు. ఊరికే బస్సు కావాలని రాస్తే ఫైల్లో పెడతారు. డిపో నుంచి సర్వేకు మనిషి వస్తాడు, ఆయన చూసేవి ఇవి. రోడ్డు ఎంత వెడల్పు? బీటీనా (తారు రోడ్డా), మట్టా? కల్వర్టు ఉంటే బరువు ఆగుతుందా? చివర్లో బస్సు తిప్పుకునే జాగా ఉందా? రోజూ ఎంతమంది ఎక్కుతారు, అందులో పిల్లలు ఎంతమంది? పంచాయతీ తీర్మానం జత చేయాలి. పక్క తండాలు కూడా దారిలో ఉంటే వాళ్ల సంతకాలు కలుపు, ఓఆర్ లెక్క బాగుంటుంది. పొద్దున, సాయంత్రం రెండే ట్రిప్పులు అడుగు, నాలుగు అడగొద్దు.

తండా బిడ్డ (పొద్దున 11:50)

రోడ్డు బీటీనే సార్, మధ్యలో ఒక కల్వర్టు ఉంది, వరి కోత మిషన్ లారీ దాని మీదికెళ్లే వస్తది. కాలేజీకి పోయేటోళ్లం 14 మంది, హైస్కూలుకు ఇంకో 20 దాకా. దారిల రెండు తండాలు ఉన్నయి. తిప్పుకోవడానికి బడి ముందు జాగా ఉంది, కానీ అక్కడ వేపచెట్టు కొమ్మ రోడ్డు మీదికి వాలింది.

పాత కండక్టర్ (పొద్దున 11:58)

కొమ్మ ఎంత ఎత్తులో ఉంది? బస్సు పైకప్పు పదకొండు అడుగుల దాకా ఉంటుంది. దరఖాస్తు నాకు మెసేజ్ పెట్టు, నేను సరిచేసి పంపిస్తా.

తండా బిడ్డ (మధ్యాహ్నం 12:06)

చెయ్యి ఎత్తితే మా తమ్మునికి అందుతది సార్. కొట్టించాల్సిందే. మలుపు కాడ కరెంటు తీగ కూడా కిందికి ఉంది, లైన్‌మన్‌కు ఇవాళనే చెప్తం.